మాట నేర్పునది వాక్యమే

ఖమ్మము విడిచి భద్రాచలమువైపు పోయినకొలది అడవి చిక్కనగును. తెలుగుతోపాటు కోయభాషయు వినవచ్చును. అచ్చటి కోయబిడ్డ దాహమై బడిలో “ఏరు” అని యడిగినచో, తెలుగు మాత్రమే యెరిగిన ఉపాధ్యాయుడు వాగును తలచును. కోయభాషలో ఏరనగా నీరు. “లోను” అనగా ఇల్లు, మనకది లోపల. రెండును ద్రావిడభాషలే యగుటచే పోలికయే మోసపుచ్చును. తప్పు బిడ్డది కాదు. మందమతి యను పేరుమాత్రము బిడ్డకే వచ్చును.

శ్రోతలారా, దీనికి విడిమాటల పట్టిక చాలదు. కోయవాక్య మొకవైపు, దాని తెలుగు వేరొకవైపు వ్రాసి చదివింపవలెను. దాహము, కుండ, త్రాగుట ఒక్క వాక్యమున కూడినప్పుడు ఏరనగా నీరని తనంత తేటపడును. జాతీయములకిది మరింత యవసరము. “పంట ధర పడిపోగా రైతునకు కడుపు మండినది” అను వాక్యమును మాటకు మాట మార్చినచో మంట మిగులును, ఆక్రోశము పోవును. ఇంగ్లీషునందును అంతే. పిల్లులు, కుక్కలు కురిసినవని వారన్నచో కుండపోతగా కురిసినదని మనము చెప్పవలెను.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి ప్రాంతమున సవరభాష నేర్చి, సవరబిడ్డలకు ఆ భాషలోనే పాఠపుస్తకములు వ్రాసిరి. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయ మొదలగు ఎనిమిది భాషలలో బాలురకు చదువు చెప్పించుట కారంభించెను. తల్లిభాష మొదటి మెట్టు. దానిపై నిలిచిన బిడ్డకు తెలుగును, పిదప ఇంగ్లీషును అందును. ఆ మెట్టు తీసివేసి, పైకెక్కలేదని బిడ్డను నిందింపరాదు.