గోదాములోని తరుగు - న్యాయస్థానములోని తూనిక

ధాన్యమును నిలువచేయుట యెంత ప్రాచీనమో, దానికి కావలియున్నవాడే దానిని కాజేయునను భయమును అంత ప్రాచీనము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుని విధులను ప్రత్యేకముగా వివరించుటయే గాక, ఉద్యోగులు రాజధనమును అపహరించు ఉపాయములను 40గా గణించెను. మనవారు అంత లెక్క వేయక, ‘కంచె చేను మేసినట్లు’ అను ఒక్క సామెతతో ఆ భయమును వెలిబుచ్చిరి.

కాని సామెతతో ఒకనిని నిందింపవచ్చును గాని శిక్షింపరాదు. శిక్షకు సాక్ష్యము కావలెను. ప్రభుత్వ గోదాములో ధాన్యము తక్కువపడినదని శిక్షపడిన ఉద్యోగి అప్పీలు చేసికొన్నప్పుడు న్యాయమూర్తి యెదుట నిలుచు ప్రశ్నలు రెండు. పోయిన ధాన్యము ఎవరి యింటికి పోయినది? అసలు ఎవరి యింటికైనను పోయినదా?

రెండవ ప్రశ్న వింతగా తోచవచ్చును. ఒక చిన్న లెక్క చూడుడు. 17 శాతము తేమ గల వడ్లు 1000 క్వింటాళ్లు గోదామునకు వచ్చినవనుకొందము. అందు నీరు 170, పొడిపదార్థము 830 క్వింటాళ్లు. కొన్ని నెలలకు తేమ 14 శాతమునకు దిగినచో, ఆ 830 క్వింటాళ్లే మొత్తములో 86 పాళ్లగును. అప్పుడు తూకము సుమారు 965 క్వింటాళ్లు మాత్రమే. ఒక్క గింజయైనను గడప దాటకుండగనే 35 క్వింటాళ్లు గాలిలో కలిసినవి! దీనికి తోడు పురుగులు, ఎలుకలు, చిరిగిన గోనెలు. ఇందులకు విరుద్ధముగా, వేసవిలో బాగుగా ఎండిన గోధుమలు వానకాలపు చెమ్మను పీల్చి బరువెక్కుటయు కలదు. పెరిగినంత ధాన్యమును ఎవరైన తీసివేసినను పుస్తకములోని అంకె చెక్కుచెదరదు. కావున తరుగున్నంతనే దొంగతనమనుటయు, తరుగు లేనంతనే నిజాయితీ యనుటయు, రెండును తొందరపాటులే.

చట్టము మాత్రము కఠినమైనది. తనకు అప్పగింపబడిన సొత్తును దురుద్దేశముతో స్వంతము చేసికొనిన ప్రభుత్వోద్యోగికి యావజ్జీవ కారాగారమో, 10 సంవత్సరములవరకు కారాగారమో విధించి, జరిమానాయు వేయవచ్చునని భారత శిక్షాస్మృతి 409వ సెక్షను చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ స్థానము 316వ సెక్షనుది. ఈ నేరమునకు పునాదులు రెండు: అప్పగింత, దురుద్దేశము.

అప్పగింతను కాగితము చెప్పును. దురుద్దేశమును ఎవరు చెప్పగలరు? బస్తా ఏ రాత్రి ఏ బండిమీద పోయినదో చూచినవారు సాధారణముగా నుండరు. ఈ చిక్కును 1960లో సుప్రీంకోర్టు ఒక కేసులో విప్పినది. అది ధాన్యపు కేసు కాదు. బొంబాయిలో జౌళి కమీషనరు అద్దకమునకై ఒక మిల్లునకు అప్పగించిన బట్టను గూర్చినది. బట్ట తిరిగి రాలేదు. చెదలును ఎలుకలును తినివేసినవని నిందితులు చెప్పిరి. న్యాయస్థానము ఆ మాట నమ్మలేదు. సొత్తు ఏ రీతిని మాయమైనదో ప్రాసిక్యూషను విడమరచి చూపనక్కరలేదనియు, అప్పగింత రుజువై, లెక్క చెప్పలేకపోయినను, అబద్ధపు సమాధానము చెప్పినను దురుద్దేశమును ఊహింపవచ్చుననియు తీర్పు చెప్పినది. అయితే లెక్క చెప్పలేకపోవుట ఒక్కటియే అన్ని కేసులలోను శిక్షకు చాలదనియు హెచ్చరించినది.

ఆ హెచ్చరికయే అప్పీలుకు ఆయువుపట్టు. తాళపుచెవులు ఒకరియొద్దనే యుండెనా? బదిలీయై వచ్చిన గుమాస్తా సరుకు తూచి పుచ్చుకొనెనా, సంతకము మాత్రము చేసెనా? తనిఖీదారు బస్తాలను తూచెనా, నిట్టుకు వెలుపలి వరుసలను ఎంచి హెచ్చవేసెనా? వచ్చిననాటి తేమ పుస్తకమున కెక్కినదా? పై లెక్కలోనే 70 క్వింటాళ్లు తక్కువైనవనుకొనుడు. 35 తేమకు పోయినవి. మిగిలిన 35 ఎలుకలు తిన్నవన్నచో, ఆ సంగతి ఆనాడే పైయధికారికి వ్రాసెనా, తనిఖీ జరిగిన పిమ్మట జ్ఞప్తికి వచ్చినదా? నిర్దోషియని విడుదలయైనవానిపై ప్రభుత్వమే అప్పీలు చేసినచో, అతని పక్షమున నిర్దోషిత్వపు ఊహ ఇనుమడించునని 2007లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది.

ఆ 35 క్వింటాళ్లు అల్పము కావు. 100 కిలోల వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యమను ప్రభుత్వపు లెక్క చొప్పున, అవి 2345 కిలోల బియ్యము. 2013నాటి ఆహారభద్రతా చట్టము తలకు నెలకు 5 కిలోలు ఇచ్చును గనుక, దాదాపు 470 మంది బీదల నెల తిండి. దానిని దోచినవాడు తప్పించుకొనుట ఘోరము. దోచనివాడు చెరసాలకు పోవుటయు అంతే ఘోరము. అది ఎలుకమీద కోపమున ఇంటికి నిప్పు పెట్టుకొనుటయే.

ఈ రెండు ఘోరములను తప్పింపగలది గోదాములోని తూనికపుస్తకము. ఏనాటి తూకమును ఆనాడే, ఏనాటి తేమను ఆనాడే వ్రాసి యుంచిన గుమాస్తాకు అంతకు మించిన వకీలు లేడు. వ్రాయవలసిన పుటను తెల్లగా వదలినవానికి అంతకు మించిన విరోధసాక్షియు లేడు.