అమ్మాయి ‘రీసెర్చ్ చేస్తా’నంటే...

“అమ్మా, ఈ ఎండాకాలం సెలవులకు ఇంటికి రాను. రెండు నెలలు రీసెర్చ్ చేస్త!”

బి.టెక్. కంప్యూటర్స్ చదివే కూతురు హాస్టల్ నుంచి ఫోన్‌లో ఈ మాటంటే గోదావరిఖని ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో ఉండే తల్లి ఏమంటుంది? “గదేందే? ఇంకెన్నేండ్లు చదువుతవ్ బిడ్డా? మంచిగ కొలువు చూస్కో” అంటుంది. ఆమె తప్పేం లేదు. సింగరేణి క్వార్టర్లలో కొలువంటే మస్టర్ పడటం, నెల తిరిగేసరికి జీతం చేతికి రావడం. తండ్రి బాయి పని కొడుక్కి వస్తుందని నమ్ముకున్న ఇళ్ళవి. ఆ దారి ఇప్పుడు బాగా ఇరుకైపోయింది. కూతుళ్ళకైతే ఆ దారి ఎప్పుడూ అంత విశాలంగా లేదు లెండి! అందుకే ఆడపిల్ల కంప్యూటర్ కోర్సులో చేరగానే, నాలుగేళ్ళయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆ పైన పెళ్ళి అని ఇంట్లో లెక్క వేసేసుకుంటారు. మధ్యలో ఈ రీసెర్చ్ ఎక్కణ్ణుంచి వచ్చింది?

ముందు అదేమిటో చూద్దాం. వంటల పేజీ చూసి, కొలతల ప్రకారం సకినాలు చేయడం చదువు. నిరుడు సకినాలు కరకరలాడాయి, ఈ ఏడు గట్టిపడ్డాయి. ఎందుకు? బియ్యం నానిన సమయమా, పిండిలో తడా, నూనె కాగిన తీరా? ఒక్కోసారి ఒక్కటే మార్చి, మిగతావన్నీ అలాగే ఉంచి, వచ్చిన ఫలితాన్ని కాగితం మీద రాసుకుంటే అది రీసెర్చ్. మన అత్తగార్లు రాసుకోలేదు గాని, చేసింది చాలావరకు ఇదే!

కంప్యూటర్ విద్యార్థి చేసేదీ ఇలాంటిదే. సాధారణంగా రెండో ఏడు చివరనో, మూడో ఏడులోనో ఒక లెక్చరర్ దగ్గరికి వెళ్ళి, ఆయన చేసే పనిలో చిన్న భాగం అడిగి తీసుకుంటుంది. ముందు నెలల తరబడి ఇతరులు రాసిన పరిశోధన పత్రాలు చదవాలి. తర్వాత ఎవరో చేసినదాన్నే మళ్ళీ చేసి, అదే ఫలితం వస్తుందో లేదో చూడాలి. చాలాసార్లు రాదు. ఎందుకు రాలేదని వెతుకుతూ ఉంటేనే సొంత ప్రశ్న ఒకటి తగులుతుంది. ఉదాహరణకి ఫోన్‌లో మాట్లాడితే అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం ఉందనుకోండి. మనవైపు అమ్మ “మీ బాపు బాయికి పోయిండు” అంటే, ఆ యంత్రం ‘బావికి’ అని రాసుకుందనుకోండి. ఖని మాటలు దానికెవరూ వినిపించలేదన్నమాట! ఆ మాటలు ఎన్ని గొంతులతో వినిపిస్తే తప్పులు ఎంత తగ్గుతాయి? ఒక బి.టెక్. అమ్మాయికి ఏడాదికి సరిపడా ప్రశ్న ఇది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో తెలుగు మాటల మీద ఏళ్ళ తరబడి ఇలాంటి పని జరుగుతోంది. 1998లో మొదలైన ఆ సంస్థలో బి.టెక్.తోపాటు రీసెర్చ్ ఎం.ఎస్. కూడా కలిపి చదివే అయిదేళ్ళ కోర్సు ఉంది.

ఇంకో ప్రశ్న మన గుమ్మం దగ్గరే ఉంది. 2022 మార్చిలో అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు. గనిలో కప్పు ఎంత దిగిందో, ఎంత బరువు పడుతోందో కొలిచే పరికరాలు ఉంటాయి. అవి ఇచ్చే అంకెల్లోంచి ప్రమాదం ముందుగా పసిగట్టడం ఎలాగన్నది కంప్యూటర్ సైన్స్ వాళ్ళూ, మైనింగ్ వాళ్ళూ కలిసి తేల్చాల్సిన విషయం. సైరన్ అవేళకాని వేళ మోగితే గుండె ఆగినంత పనయ్యే ఇంట్లో పెరిగిన పిల్లకి ఈ ప్రశ్న విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

“ఇవన్నీ పెద్ద పెద్దవాళ్ళ పిల్లలకు గాని...” అంటారా? కంప్యూటర్‌కి మనిషి మాట అర్థమయ్యేలా చేయడానికి 1960లలోనే పూనుకున్న రాజ్ రెడ్డిగారు శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో రైతు కుటుంబంలో పుట్టారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆసియా నుంచి ఆ గౌరవం పొందిన మొదటివారు ఆయనే. 2008లో పల్లెటూరి పిల్లల కోసం ఆర్‌జీయూకేటీ పెట్టినప్పుడు దానికి మొదటి ఛాన్సలర్ కూడా ఆయనే. మన గోదావరి ఒడ్డునే పైన బాసరలో ఉన్న క్యాంపస్ అదే. పదో తరగతి మార్కులతో చేర్చుకుని ఆరేళ్ళు చదివిస్తారు. వసతులు సరిగా లేవని 2022 జూన్‌లో అక్కడి పిల్లలు ఎండనకా వాననకా బైఠాయించిన సంగతి పేపర్లో చూసే ఉంటారు. అలాగని చదువు చెడ్డదనలేం. ఇక దగ్గర్లోనే కావాలంటే సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ వారి మంథని ఇంజనీరింగ్ కాలేజీ ఉంది.

డబ్బు సంగతికి వద్దాం. అసలు భయం అదే కదా! రీసెర్చ్ చేసినంత మాత్రాన ఉద్యోగం పోదు. ఆ అనుభవం ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికీ, విదేశాల్లో ఎం.ఎస్.కి లెక్చరర్లు ఇచ్చే సిఫారసు ఉత్తరాలకీ పనికొస్తుంది. గేట్ రాసి ప్రభుత్వ సంస్థలో ఎం.టెక్.లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది. ఆపైన పీహెచ్.డి. ఫెలోషిప్ మొదటి రెండేళ్ళూ నెలకు 37,000. ఈ మొత్తం 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోలిస్తే తక్కువే, దాచడం దేనికి? అప్పులున్న ఇంటికి అది బరువే అవుతుంది. ఆ లెక్క బిడ్డతో దాచకుండా మాట్లాడాలి. అయితే రెండు నెలల వేసవి పనితో జీవితమంతా కట్టుబడిపోయినట్టు కాదు. తనకు రీసెర్చ్ పడుతుందా, ఉద్యోగమే నయమా అన్నది తేల్చుకోవడానికి అంతకంటే చవకైన దారి లేదు. “నాకిది పడదమ్మా” అని తిరిగొచ్చినా నష్టమేం లేదు.

ఒక్క జాగ్రత్త. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తాం, ఇంత కట్టండి అనేవాళ్ళు ఊరూరా తయారయ్యారు. డబ్బు తీసుకుని పత్రం అచ్చేస్తామనే పత్రికలూ ఉన్నాయి. అమ్మాయి నాలుగైదు వేలు పంపమంటే “ఎవరి దగ్గర చేస్తున్నవ్? ఆ సార్ ఏ కాలేజీ? వాళ్ళు నీకిస్తరా, నువ్వు వాళ్ళకిస్తవా?” అని అడగండి. ఇవి అడగడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు.

బెంగుళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మరో రెండు అకాడమీలతో కలిసి విద్యార్థులకు రెండు నెలల సమ్మర్ ఫెలోషిప్‌లు ఇస్తుంది. స్టైపెండ్, రానుపోను రైలు ఖర్చులు వాళ్ళే చూసుకుంటారు. వేసవి పని కదా అని సంక్రాంతి దాకా ఊరుకుంటే కుదరదు, దరఖాస్తులు చలికాలం ముదరకముందే ముగుస్తాయి. దానికి ఒక లెక్చరర్ సిఫారసు ఉత్తరం, ఏం చేయదలచుకున్నదీ తన మాటల్లో ఒక పేజీ కావాలి. దసరాకి అమ్మాయి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో రామగుండంలో దిగినప్పుడు, పండుగ పనుల మధ్యే ఆ పేజీ రాసిందో లేదో ఒకమాట అడగండి. రాసి ఉంటే మీకు తెలుగులో చదివి వినిపించమనండి. వింటున్నప్పుడు మీకు అర్థం కాని చోట ఆపి అడగండి, అక్కడే ఆమె కూడా మళ్ళీ రాసుకోవాల్సి ఉంటుంది.