చూపునూ నడకనూ దెబ్బతీసే యాంటీబాడీ

విశాఖపట్నం వంటి మహానగరంలో చూపు మసకబారినవారు కంటి వైద్యుని, రోజుల తరబడి ఎక్కిళ్లూ వాంతులూ తగ్గనివారు ఉదరకోశ నిపుణుని, కాళ్లు పట్టుతప్పి మూత్రం ఆగిపోయినవారు ఎముకల వైద్యుని ఆశ్రయించడం సహజమే గాని, ఈ మూడూ న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే ఒకే వ్యాధి లక్షణాలు కావచ్చు. 1894లో ఫ్రెంచి వైద్యుడు యూజీన్ దెవిక్ దీనిని వర్ణించినా, చాలాకాలం పాటు మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే మరో నాడీవ్యాధిలో ఒక రకంగానే పరిగణించారు.

2004లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన వండా లెన్నన్ బృందం ఈ రోగుల రక్తంలో ఒక ఆటోయాంటీబాడీని, అంటే సూక్ష్మజీవులకు బదులు సొంత కణాలకే అతుక్కునే రక్షక ప్రోటీన్‌ను గుర్తించింది. మరుసటి ఏడాది దాని లక్ష్యం ఆక్వాపోరిన్-4 అని తేలింది. మెదడులోనూ వెన్నుపాములోనూ నీటి రాకపోకలకు దారి ఇచ్చే ఈ ప్రోటీన్, నాడీకణాలను పోషించే ఆస్ట్రోసైట్ల మీద ఉంటుంది. యాంటీబాడీ దానికి అతుక్కోగానే కాంప్లిమెంట్ అనే రక్తప్రోటీన్ల వ్యవస్థ చైతన్యం పొంది ఆస్ట్రోసైట్లను ధ్వంసం చేయడంతో, నాడీతంతువులను కప్పి ఉండే మైలిన్ పొర ఆ తర్వాత శిథిలమవుతుంది. ఆ పొర వెలుపలి భాగంలోని మాగ్ (MOG) ప్రోటీన్‌పై దాడి చేసే మరో యాంటీబాడీ వల్ల వచ్చే వ్యాధి పిల్లల్లోనూ తరచుగా కనిపిస్తుంది.

పేరు మారితే మందు మారుతుంది

మల్టిపుల్ స్క్లిరోసిస్‌కు వాడే ఇంటర్‌ఫెరాన్ బీటా, ఫింగోలిమాడ్ వంటి మందులు న్యూరోమైలైటిస్ రోగికి హాని చేయవచ్చు కనుక, వ్యాధి నిర్ధారణలో పొరపాటు చికిత్సలో ప్రమాదంగా పరిణమిస్తుంది. ఈ వ్యాధికి 2019లో అమెరికా ఆమోదం పొందిన ఎకులిజుమాబ్ కాంప్లిమెంట్‌ను అడ్డుకుంటుంది గాని, దాని ధర సామాన్యునికి అందదు. యాంటీబాడీల తయారీకి మూలమైన బి-కణాలను తగ్గించే రిటుక్సిమాబ్‌ను హైదరాబాద్ సంస్థ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రెడిటక్స్ పేరిట, ముఖ్యంగా లింఫోమా రోగుల కోసం విడుదల చేయగా, నేడు వైద్యులు ఆ మందును ఈ వ్యాధిలోనూ వాడుతున్నారు.

మంగళూరులో జరిగి 2014లో వెలువడిన సర్వే ఈ వ్యాధి లక్షమందిలో 2.6 మందికి ఉన్నట్లు అంచనా వేసింది. ఇంత అరుదైనది కనుకనే తొలి వైద్యుని దృష్టి నుంచి తప్పిపోతుంది. ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేస్ వద్దనో, ఓడరేవు ఎండలోనో పనిచేసేవారు మరొక సంగతి గమనించాలి: మైలిన్ దెబ్బతిన్న నరం వేడికి తాత్కాలికంగా మందగిస్తుంది, ఒళ్లు చల్లబడగానే తగ్గిపోయే చూపు మసక వ్యాధి తిరగబెట్టినట్లు కాదు, ఒక రోజుకు మించి నిలిచే కొత్త లోపాన్ని మాత్రం ఉపేక్షించరాదు.

అటువంటి రోగిని విశాఖలో 1923 నుంచి సేవలందిస్తున్న కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి, నాడీవైద్య విభాగం ఉన్న చోటికి వెంటనే చేర్చాలి. ఆక్వాపోరిన్, మాగ్ యాంటీబాడీలను, ఆయా ప్రోటీన్లను ధరించిన కణాలపై సీరమ్‌ను పరీక్షించే పద్ధతిలోనే చూడాలి. స్వల్ప స్థాయిలో కనిపించిన మాగ్ ఫలితాన్ని లక్షణాలతో, ఎమ్మారైతో సరిపోల్చకుండా నమ్మరాదు. పరీక్ష ఫలితం కోసం స్టెరాయిడ్ చికిత్సను ఆపనక్కరలేదు గాని, రక్త నమూనాను మాత్రం వీలైనంతవరకు ప్లాస్మా మార్పిడికి ముందే సేకరించాలి.