బిందు సేద్య నియంత్రణలో ఆకస్మిక మార్పులకు హద్దు

విస్తారమైన తోటలలో బిందు సేద్యాన్ని పీఐడీ కంట్రోలరుకు అప్పగించినప్పుడు, అది పీడన సెన్సరు సంకేతాన్ని బట్టి నియంత్రణ వాల్వును తెరుస్తూ, మూస్తూ ఉంటుంది. అవుట్‌పుట్‌ను 100 శాతం నుంచి సున్నాకు మార్చడానికి కంట్రోలరుకు క్షణం చాలు. పైపులో కదులుతున్న నీరు ఆగడానికి మాత్రం వ్యవధి కావాలి. ఈ తేడాను విస్మరిస్తే నడి వేసవిలో ప్రధాన పైపు పగిలి, మరమ్మతు పూర్తయ్యేవరకు పంటకు నీరందదు.

జల ఆఘాతం లెక్క

మాస్కో నీటి సరఫరా గొట్టాలపై జరిపిన ప్రయోగాల ఆధారంగా జుకోవ్‌స్కీ 1898లో ప్రకటించిన సూత్రం ఇక్కడ వర్తిస్తుంది. పీడన తరంగ వేగాన్ని నీటి వేగంలోని మార్పుతో గుణించి, గురుత్వ త్వరణంతో భాగిస్తే అదనపు పీడనం నీటి మట్టంగా, మీటర్లలో వస్తుంది. పీవీసీ పైపులో తరంగ వేగం సెకనుకు 400 మీటర్లు, నీటి వేగం 1.5 మీటర్లు అనుకుంటే, ప్రవాహం హఠాత్తుగా ఆగినప్పుడు సుమారు 61 మీటర్ల అదనపు పీడనం, అనగా చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు ఏర్పడుతుంది. పంపు పీడనం దీనికి అదనం. 4 కిలోల తరగతి పైపు దీనిని తట్టుకోలేదు.

పంపు నుంచి వాల్వు వరకు 400 మీటర్ల లైనులో తరంగం వెళ్లి తిరిగి రావడానికి 2 సెకన్లు పడుతుంది. ఆలోపు వాల్వు మూసుకుంటే పూర్తి ఆఘాతం తప్పదు. ప్రవాహాన్ని 20 సెకన్లలో సమంగా తగ్గిస్తే ఉజ్జాయింపుగా అదనపు పీడనం 6 మీటర్లకు పరిమితమవుతుంది. అందువల్ల అవుట్‌పుట్ మార్పును సెకనుకు 5 శాతానికి మించనీయరాదు. బటర్‌ఫ్లై వాల్వులో ప్రవాహం అధికంగా మూత చివరి దశలోనే తగ్గుతుంది కనుక, ఆ దశలో హద్దు మరింత తక్కువగా ఉండాలి.

కుదుపు పుట్టే చోట్లు

నిర్దేశిత పీడనాన్ని ఒక్కసారిగా మార్చినప్పుడు అవకలన పదం అవుట్‌పుట్‌ను ఎగదోస్తుంది. ఆ పదాన్ని దోషంపై గాక, కొలిచిన పీడనంపై లెక్కించడం దీనికి విరుగుడు. చేతి నియంత్రణ నుంచి స్వయంచాలక నియంత్రణకు మారేటప్పుడు, సమాకలన పదాన్ని అప్పటి వాల్వు స్థితికి సరిపోయేలా సవరించిన పిదపనే మార్పు జరగాలి.

హద్దు విధించిన తరువాత మరొక చిక్కు ఎదురవుతుంది. వాల్వు నెమ్మదిగా కదులుతుండగా సమాకలన పదం పేరుకుపోతే, పీడనం లక్ష్యాన్ని దాటి ఊగిసలాడుతుంది. కనుక హద్దు పనిచేస్తున్నంతసేపు సమాకలనాన్ని నిలుపుదల చేయాలి. హద్దు స్వయంగా ఒక జాప్యమే. ముందుగా దానిని నిర్ణయించి, ఆపైననే పీఐడీ విలువలను సరిదిద్దడం శ్రేయస్కరం.

పరిమితులు

మోటారును రక్షించే అత్యవసర నిలుపుదలకు ఈ హద్దు వర్తించరాదు. అంతేగాక, విద్యుత్తు పోయిన క్షణంలో పంపు ఎలాగూ హఠాత్తుగానే ఆగుతుంది. అప్పుడు కంట్రోలరులోని ఏ అమరికా అక్కరకు రాదు. తగిన నాన్ రిటర్న్ వాల్వు, గాలి వాల్వులే లైనును కాపాడాలి. కాబట్టి రైతులకు సలహా ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్తలు కంట్రోలరు అమరికలతోపాటు లైను పొడవు, పైపు తరగతి, రక్షణ వాల్వుల స్థితిని కూడా పరిశీలించడం అవసరం.