పెరిగే ఇల్లు

పట్టణ పేదలకు గృహవసతి అనగానే పాలకులకు సాధారణంగా స్ఫురించేవి ఒకే మూసలో పోసినట్లున్న బహుళ అంతస్తుల భవనాలు. లెక్క చూపడానికి అవి అనువైనవే. కాని మూడవ అంతస్తుకు చేరిన కుమ్మరి సారెను ఎక్కడ నిలుపుకోవాలి? తోపుడుబండిపై కూరగాయలమ్మే స్త్రీ రాత్రివేళ ఆ బండిని ఎవరి కాపలాలో విడిచిపెట్టాలి? ఇంటినీ జీవనోపాధినీ వేరుచేయలేని ఇటువంటి కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ నగరంలో నిర్మించిన కాలనీ 'అరణ్య'.

దీని రూపశిల్పి బాలకృష్ణ దోషి (1927-2023). యౌవనంలో పారిస్‌లో లె కార్బూజియే వద్ద పనిచేసిన ఆయన, అహమ్మదాబాదును తన కార్యక్షేత్రంగా చేసుకొన్నారు. అరణ్యకు రూపకల్పన జరుగుతున్న కాలంలో ఆయన సంస్థకు చెందిన పరిశోధకులు ఇండోర్ మురికివాడలను ఓపికగా పరిశీలించారు. గుమ్మం ముందరి కాస్త జాగా, ఒక చెట్టునీడ, రెండు మెట్లు అక్కడి వారికి వంటశాలగా, దుకాణంగా, రచ్చబండగా ఎలా ఉపయోగపడుతున్నాయో నమోదు చేశారు.

1989లో పూర్తయిన ఈ కాలనీ విస్తీర్ణం సుమారు 85 హెక్టార్లు. అందులో దాదాపు 6,500 ఇళ్లస్థలాలున్నాయి. అతి చిన్నది ఇంచుమించు 35 చదరపు మీటర్లు. నిరుపేదకు లభించినది పూర్తి ఇల్లు కాదు. పునాది, మరుగుదొడ్డి, నీటి కుళాయి, మురుగునీటి పారుదల సౌకర్యం గల స్థలం. ఇందులోని వివేకం గమనింపదగినది. ఒక కూలీ కుటుంబం ఇరుగుపొరుగుల సాయంతో గోడ లేపుకోగలదు, నాలుగు రాళ్లు వెనకేసుకొన్నాక మరో గది వేసుకోగలదు. మురుగు కాలువను మాత్రం తెచ్చుకోలేదు. అందువల్ల ఒంటరిగా సాధ్యం కానిదానిని ప్రభుత్వ సంస్థ సమకూర్చింది, సాధ్యమైనదానిని నివాసికే విడిచిపెట్టింది. దారి చూపడానికి దోషి 80 నమూనా ఇళ్లు నిర్మించారు. వాటి అరుగులు, బయటి మెట్లు, చిన్న వసారాలు మన పాత వీధులను స్ఫురింపజేస్తాయి. సంపన్నులకు పెద్ద స్థలాలు అమ్మగా వచ్చిన లాభం పేదల స్థలాల వ్యయభారాన్ని తగ్గించింది.

అరణ్యకు 1995లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం లభించింది. 2018లో దోషి ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన తొలి భారతీయుడయ్యారు.

అయితే స్థలాల విలువ పెరిగేకొద్దీ కొందరు పేదలు వాటిని అమ్ముకొని వెళ్లిపోగా, వారి స్థానంలో కలిగినవారు చేరారు. ఇది వాస్తుశిల్పి గీతలకు అందని విషయం. అప్పుల వాడు గుమ్మంలో నిలిచిననాడు, పెరుగుతున్న ఇల్లు కూడా అమ్మకపు సరుకే అవుతుంది.