పెన్ను కాదది, పొగగొట్టం!
పిల్లలను కొట్టవద్దు, కూర్చోబెట్టి మాట్లాడండి

ఒంగోలు: బీడీ, చుట్ట, ఖైనీ మన పల్లెలకు కొత్త కావు. కుర్రవాడు చాటుగా బీడీ కాలిస్తే తల్లి వాసనతోనే పసిగడుతుంది. ఈ-సిగరెట్ సంగతి అలా కాదు. చూడటానికి పెన్నులా ఉంటుంది. మామిడిపండు వాసనో, పుదీనా వాసనో వస్తుంది. నిప్పు ఉండదు, బూడిద ఉండదు. ఇంటర్ చదువుకు పట్నం హాస్టలుకు వెళ్ళిన పిల్లవాడు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు, సంచిలో అది కనిపించినా పెద్దలు పోల్చుకోలేరు.

అందులో ఏమున్నది?

బ్యాటరీతో వేడెక్కిన తీగ ఒక ద్రవాన్ని ఆవిరిలా మారుస్తుంది. దాన్ని పీలుస్తారు. అది వట్టి నీటి ఆవిరేనని పిల్లలు అనుకుంటారు. కాదు. చాలావాటిలో నికోటిన్ ఉంటుంది. పొగాకు పండించే మన జిల్లా రైతులకు దాని ప్రతాపం తెలియనిది కాదు. తడి ఆరని పచ్చాకు కోసే కూలీలకు తల తిరిగి వాంతులవుతాయి. చర్మం గుండా ఒంట్లోకి దిగిన నికోటిన్ చేసే పని అది. దాన్నే పిల్లవాడు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పీలుస్తున్నాడన్నమాట.

మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ళ వరకు సాగుతుంది. ఈలోగా నికోటిన్ అలవాటైతే చదువు మీద ధ్యాస తగ్గుతుంది, అలవాటు ఒక పట్టాన వదలదు. అమెరికాలో 2019లో ఈ ఆవిరి పీల్చినవారికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది గంజాయి సారం కలిపిన ద్రవం వాడినవారు. సీసాలో ఏమి కలిపారో కొన్నవారికి తెలియదు.

మన దేశంలో 2019 నుంచి వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషిద్ధం. అమ్మినవారికి మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంటే పిల్లల చేతికి వచ్చేది దొంగ సరుకే.

ఎలా అడగాలి?

పదిమందిలో నిలదీయవద్దు. పొలానికి వెళ్ళేటప్పుడో, బండి మీద పోయేటప్పుడో మాట కలపండి. “మీ హాస్టల్లో ఇలాంటివి ఎవరైనా తాగుతున్నారా, నాయనా?” అని అడగండి. చెప్పేది పూర్తిగా వినండి. “ఒక్కసారి పీలిస్తే చచ్చిపోతావు” అని బెదిరించవద్దు. పీల్చిన స్నేహితుడు కళ్ళెదుట తిరుగుతుంటే మీ మాట ఇక నమ్మడు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తోటివారు ఇవ్వజూపితే ఎలా తప్పించుకోవాలో ముందే అనుకోండి.

ఇంట్లో బీడీ తాగే తండ్రి ఏ ముఖంతో చెబుతాడని కొందరి సందేహం. “నాకు అలవాటై మానలేక అవస్థ పడుతున్నాను. నీకు ఆ అవస్థ వద్దురా” అంటే చాలు. దానికంటే బలమైన మాట లేదు. బీడీ కట్టకోసం పిల్లవాణ్ణి కొట్టుకు పంపడం మాత్రం ఈ రోజునుంచే మానాలి. 18 ఏళ్ళ లోపు వారికి పొగాకు అమ్మడం కూడా నేరమే.

ఇప్పటికే అలవాటు పడి ఉంటే తిట్టి లాభం లేదు. 1800-11-2356 నంబరుకు ఫోన్ చేస్తే మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు. తండ్రీ కొడుకులు ఇద్దరూ ఒకేసారి మానదలచుకున్నా, ఆ నంబరు ఇద్దరికీ పనికి వస్తుంది.