కాలిన ట్రాక్టర్ కొంటున్నారా? కరిగిన లోహాన్ని అడగండి

గడ్డివాముకు అంటుకున్న నిప్పు పక్కనే నిలిపిన ట్రాక్టరునూ చుట్టేయవచ్చు. అలా కాలిన పాత బండి కొత్త రంగు వేసుకుని తక్కువ ధరకు అమ్మకానికి రావచ్చు. ఇంజన్ స్టార్ట్ అయితే చాలదు. ఏ భాగం ఎంత వేడెక్కిందన్నది తేలాలి.

ఆ లెక్క బండిలోనే దొరుకుతుంది. ఒక్కో లోహం ఒక్కో ఉష్ణోగ్రత వద్ద కరుగుతుంది. పాత ఇత్తడి రేడియేటర్ల అతుకుల్లో ఉండే సీసం-తగరం సోల్డరింగ్ సుమారు 183 డిగ్రీల సెల్సియస్ వద్దే కరగడం మొదలవుతుంది. అల్యూమినియం కరగాలంటే 660 డిగ్రీలు కావాలి, దాని మిశ్రమ లోహాలకు కాస్త తక్కువ చాలు. రాగికి 1085 డిగ్రీలు అవసరం. అంటే రేడియేటర్ అతుకులు ఊడినా, పక్కనున్న అల్యూమినియం భాగం అంచులు పదునుగానే ఉంటే అక్కడ మంట ఓ మోస్తరుదే. అల్యూమినియం బొట్లుగా కారి గడ్డకట్టి ఉంటే నష్టం లోతుగా ఉండవచ్చు.

అయితే ఒక మెలిక ఉంది. సన్నని మూత త్వరగా వేడెక్కుతుంది. బరువైన ఇంజన్ బ్లాక్ నిదానంగా వేడెక్కుతుంది, లోపలి నీరు, ఆయిల్ కూడా కొంత వేడిని పీల్చుకుంటాయి. కాబట్టి మూత కరిగినంత మాత్రాన బ్లాక్ పాడైనట్టు కాదు. ప్రతి భాగాన్నీ విడిగా చూడాలి.

కరగని ఉక్కుకూ ముప్పుంది. గట్టిపరచిన స్ప్రింగులు, గేర్లు, బేరింగులు అతిగా వేడెక్కితే మెత్తబడతాయి. సైలెన్సర్‌కు దూరంగా ఉన్న నునుపైన ఉక్కు నీలిరంగుకు తిరిగితే అది సుమారు 300 డిగ్రీలు చూసిందని అనుమానించాలి. ఆయిల్ సీళ్లు, హైడ్రాలిక్ గొట్టాలు, వైర్ల తొడుగులు ఇంతకన్నా చాలా ముందే చెడతాయి. మంట తగిలిన చోట వాటిని మార్చాల్సిందే.

మంటలార్పేందుకు చల్లిన నీళ్లు వేడి పోత ఇనుమును పగలగొట్టగలవు. అనుమానమున్న చోట రంగు గీకి, కిరోసిన్ పూసి, బాగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులు ఉంటే అందులోంచి కిరోసిన్ పైకి ఊరి, పొడిపై తడి గీత కనిపిస్తుంది.

రంగు చేరని చోట్లు చూడండి: సీటు కింద, డ్యాష్‌బోర్డు వెనుక, బోల్టుల సందుల్లో. మార్చాల్సిన భాగాల ఖర్చును మెకానిక్‌తో లెక్క వేయించి అడిగిన ధరకు కలపండి. బ్లాక్ లేదా గేర్‌బాక్స్ పెట్టె పగిలి ఉంటే ఆ బేరం వదులుకోవడమే మేలు.